మూడో కార్డులో మనిషి

ఇరవై రెండేళ్ళు నేను ఇంకొకరి నోటికి మాటలు రాశాను. నాకిచ్చిన జీతం దానికే. కాగితాల మీద నా హోదా పౌర సంబంధాల అధికారి అని ఉండేది గాని, ఆఫీసులో అందరూ నన్ను ‘స్పీచుల శర్మగారు’ అనేవాళ్ళు. మొదట్లో ఉడుక్కునేవాణ్ణి. తర్వాత అలవాటైంది.

ఈ మధ్య ఇదే పనిలో కొత్తగా చేరిన ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. టీ తాగుతూ, “సార్, చప్పట్లు పడేట్టు రాయడం ఎట్లా సార్?” అని అడిగింది. గంటసేపు చెప్పాను. వాక్యం ఎక్కడ విరవాలో, పేరు ఎక్కడ పెట్టాలో, అంకె ఎక్కడ వేయాలో అన్నీ చెప్పాను. ఆ పిల్ల నోట్సు రాసుకుని వెళ్ళింది. ఆమె గేటు దాటాక నా మీద నాకే అసహ్యం వేసింది. చప్పట్లు పడేట్టు రాయడం నేర్పాను గాని, ఆ విద్యతో నేను చేసిన పని చెప్పలేదు. అది చెప్పకుండా నేర్పడం పాపం. అందుకే ఇది.

ఏం పని అది

మాది పత్తి, మిర్చి రైతుల సహకార సమాఖ్య. వినుకొండ నుంచి దర్శి దాకా చాలా ఊళ్ళు దాని కింద ఉండేవి. దాని పేరు రాయను. ఇప్పుడది లేదు, ఉన్నా రాయను. దానికి ఎన్నికైన అధ్యక్షుడు ఒకాయన. ఊళ్ళల్లో అంతా ప్రెసిడెంటుగారు అనేవాళ్ళు, నేనూ అంతే.

ప్రెసిడెంటుగారు వారానికి మూడు నాలుగు చోట్ల మాట్లాడాలి. ఒకచోట గోడౌను ప్రారంభం, ఒకచోట ఎవరికో సన్మానం, గుంటూరులో వ్యాపారులతో లంచి, ఇంకోచోట సంతాప సభ. నాలుగింటికీ నాలుగు రకాల రాత. ప్రారంభోత్సవానికి ఎండను చూసుకుని రాయాలి. షామియానా కిందికి ఎండ జరిగిందంటే జనం లేస్తారు. లంచికి వంటింటిని చూసుకుని రాయాలి. కూర వాసన హాల్లోకి వచ్చాక ఎవడి మాటా ఎవడి చెవికీ ఎక్కదు. సంతాపానికి చాలా తక్కువ రాయాలి, పేరు మాత్రం తప్పకూడదు. చచ్చిపోయినాయన ఇంటిపేరు తప్పు చదివితే ఆ ఊళ్ళో మళ్ళీ మనకి మంచినీళ్ళు పుట్టవు.

ప్రెసిడెంటుగారు మునుపు పొగాకు వ్యాపారం చేసిన మనిషి. గొంతు పెద్దది, మనసూ చిన్నదేం కాదు. చదువు అయిదో తరగతి. చత్వారం వచ్చినా వేదిక మీద కళ్ళజోడు పెట్టడు. “కళ్ళద్దాలు పెట్టుకుని చదివితే మున్సబు కోర్టులో గుమాస్తాలా ఉంటానయ్యా” అనేవాడు. అందుకని ఆయన ఉపన్యాసాలు నేను అట్ట కార్డుల మీద రాసేవాణ్ణి. అక్షరం బొటనవేలంత. కార్డుకి ఏడు లైన్లు, ఎనిమిదో లైనుకి చోటుండదు. ఆగాల్సినచోట ఎర్రగీత. చేతిలో అవి ఉన్నట్టు కూడా తెలియకుండా చూసి చదవడంలో ఆయన ఘటికుడు.

ఒకసారి వినుకొండలో గోడౌను ప్రారంభానికి కార్డులకి అంకెలు వేయడం మర్చిపోయాను. అవి తారుమారయ్యాయి. ఆయన లేచి, గొంతు సవరించుకుని, “ఇంతసేపూ ఓపిగ్గా విన్న మీ అందరికీ నా నమస్కారం” అని మొదలుపెట్టాడు. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత షామియానా ఎగిరిపోయేట్టు చప్పట్లు. ఆయన ఇక కూర్చున్నాడు. తిరిగి వస్తుంటే జీపులో నేను క్షమాపణ చెప్పుకోబోయాను. ఆయన మాత్రం కళ్ళనీళ్ళు వచ్చేట్టు నవ్వాడు. “శర్మా, నా జన్మలో ఇంత మంచి స్పీచి ఇవ్వలేదయ్యా. రోజూ ఇట్టాగే రాయి” అన్నాడు. అలాంటి మనిషి దగ్గర పనిచేయడం సుఖంగానే ఉండేది. ఆ సుఖంలోనే నేను ఒళ్ళు మరిచాను.

ఆయనకొక సూత్రం ఉండేది. “మొదటి కార్డు దణ్ణాలకి. రెండోది మనం చేసింది చెప్పుకోటానికి. మూడో కార్డులో మాత్రం ఒక మనిషుండాలయ్యా. పేరూ ఊరూ ఉన్న మనిషి. జనం ఆ మనిషిలో వాళ్ళని వాళ్ళు చూసుకోవాల.” ఈ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఈ రోజుకీ ఎవరైనా అడిగితే నేను ఇదే చెప్తాను. మొన్న ఆ అమ్మాయికీ ఇదే చెప్పాను.

కోటయ్య

తొంభైల చివర, ఒక పత్తి సీజను అయ్యాక, మూడో కార్డుకి మనిషి కావాలని ఊళ్ళ మీదికి బయలుదేరాను. దర్శి రోడ్డు నుంచి కాస్త లోపలికి వెళ్తే ఒక ఊరు. అక్కడ కోటయ్య అనే రైతుకి పత్తి బాగా పండిందని చెప్పారు. నలభై దాటిన మనిషి. చేలో ఎండిన పత్తికట్టె పీకుతున్నాడు. చేను చుట్టూ ఆముదం వేసి ఉంది.

“ఆముదం ఎందుకు వేశావు కోటయ్యా?”

“పురుగు ముందు దాని మీద పడిద్దండి. పత్తి మీదకొచ్చే లోపల మనం చూసుకోవచ్చు. రోజూ చూడాల. చూడకపోతే ఆముదమూ దండగే.”

“ఎకరానికి ఎంత వచ్చింది?”

“ఎనిమిది క్వింటాళ్ళండి.”

చుట్టుపక్కల నాలుగూ అయిదూ వచ్చిన ఏడాది అది. నేను సంతోషంగా రాసుకుంటున్నాను. ఆయన చేతిలో కట్టె కింద పడేసి నా దగ్గరకొచ్చాడు.

“రాసుకుంటే రాసుకోండి సారూ. నాది బావి కింద చేను అని కూడా రాసుకోండి. రెండు తడులు ఇచ్చా. బావి లేనోడు నన్ను చూసి వెయ్యకూడదు. కొంప మునిగిద్ది.”

“రాశాను” అన్నాను. రాశాను కూడా. నా నోటుబుక్కులో ఉంది. కార్డు మీదికి వచ్చేసరికి ఏడు లైన్లే కదా. పేరు, ఊరు, ఆముదం, కష్టం, ఎనిమిది క్వింటాళ్ళు, చివర ‘మనమూ కోటయ్యలం కావాలి’ అన్న మాట. అప్పటికే ఏడు లైన్లు నిండాయి. బావికి చోటు లేకపోయింది.

నేను చేసిన మొదటి తప్పు అది. ఎవరూ చేయమనలేదు. చప్పట్ల మాట తీసేసి బావి పెట్టి ఉండొచ్చు. ఆ ఆలోచనే రాలేదు.

అంకె పెరిగిన తీరు

మొదటి సభలో ప్రెసిడెంటుగారు ఉన్నది ఉన్నట్టు చదివాడు. ఎనిమిది అన్నచోట ఎర్రగీత పెట్టాను. ఆయన ఆగాడు. జనం ఊరికే చూస్తూ కూర్చున్నారు. వెనక వరసలో ఎవరో దగ్గారు.

రెండో సభలో అదే చోట ఆయన కార్డు వైపు చూడకుండా, “పది క్వింటాళ్ళు!” అన్నాడు. చప్పట్లు పడ్డాయి. జీపులో నేను నసుగుతూ అన్నాను.

“ఎనిమిదండీ అది.”

“తెలుసు లేవయ్యా. నా మాటకి పుట్టిన రెండు క్వింటాళ్ళు ఎవరి చేలోంచి పోయినయ్యి? రైతుకి ఆశ ఉండాల శర్మా. ఆశ లేకపోతే విత్తనం జల్లుతాడా?”

గుంటూరు లంచిలో పన్నెండయింది. ఆ పూట విత్తనాల డీలర్లు, పురుగుమందుల వాళ్ళు, ఇద్దరు విలేకరులు ఉన్నారు. భోజనం ముందు మాట్లాడిన ఏకైక మనిషి మా ప్రెసిడెంటుగారే. ఆకలి మీద ఉన్నా బల్లలు చరిచారు. నాకు ఒళ్ళు పులకరించింది. దాచడం ఎందుకు, అది నా మూడో కార్డు. నా మాట పలికింది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. ఆయన ఎలాగూ పన్నెండు అంటాడు కదా అని, మరుసటి సభకి నేనే నా చేత్తో పన్నెండు అని రాశాను. కార్డులో పన్నెండు చూసి ఆయన పధ్నాలుగు అన్నాడు. దాంతో కార్డు మీద పధ్నాలుగు పెట్టాను. ఎనిమిదిని పదిచేసింది ఆయన నోరు. దాన్ని కాగితం మీదికి ఎక్కించింది నా చెయ్యి. నోటి మాట గాలికి పోతుంది, కాగితం పేపర్లోకి పోతుంది. విలేకరులు నా దగ్గర కార్డులు తీసుకుని చూసి రాసుకునేవాళ్ళు. ‘ఎకరాకు పధ్నాలుగు క్వింటాళ్ళు: ఆదర్శ రైతు కోటయ్య’ అని జిల్లా పేజీలో పడింది. ఆ ముక్క కత్తిరించి ఫైల్లో పెట్టుకున్నాను.

పెదవి దాటితే పృథివి దాటుతుందని మా నాన్న అనేవాడు. ఆయన తెలుగు పండితుడు. ఆ సామెత నాకు చిన్నప్పట్నించీ తెలుసు. తెలిసి ఏం లాభం?

కోటయ్య మా ఆఫీసుకొచ్చిన రోజు

పత్తి విత్తడానికి ఇంకా నెల ఉందనగా కోటయ్య మా ఆఫీసుకొచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, చేతిలో పేపరు ముక్క పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“సారూ, నేను మీకు ఎంత చెప్పాను?”

“ఎనిమిది.”

“మరి ఈ పధ్నాలుగేంది సారూ?”

నేను నవ్వేసి, “సభల్లో కొంచెం అటూఇటూ అవుతుంది కోటయ్యా. నీకు మంచి పేరేగా వచ్చింది” అన్నాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

“పేరు కాదు సారూ. మా చెల్లెలు నాగేంద్రం మొగుడున్నాడు, శ్రీను. నన్ను చూసి అయిదెకరాలు కౌలుకి తీసుకుంటానని తిరుగుతన్నాడు. ఆ చేలకి బావి లేదు, చినుకు పడితేనే పంట. ‘ఒరేయ్, నాకు ఎనిమిదేరా వచ్చింది, అదీ బావి ఉండబట్టిరా’ అని చెప్పా. ఏమన్నాడో తెలుసా? ‘బావా, మైకులో పధ్నాలుగు అన్నారు, పేపర్లో పడింది. నా దగ్గరికొచ్చేసరికి ఎనిమిదా? సొంత చెల్లెలి సంసారం బాగుపడటం నీకిష్టం లేదా?’ అన్నాడు. నేను దాచుకుంటన్నా అనుకుంటన్నాడు సారూ. మా చెల్లెలూ అట్టాగే చూస్తంది.”

నేను బల్ల మీది ఫైళ్ళు సర్దసాగాను.

“ఒక్కసారి ప్రెసిడెంటుగారితో మైకులో చెప్పించండి. కోటయ్యకి పండింది ఎనిమిదే, అదీ బావి కింద అని. నేను చెప్తే నమ్మరు, ఆయన చెప్తే నమ్ముతారు. ఇంకేం అడగను.”

“చెప్పిస్తాను” అన్నాను. ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ప్రెసిడెంటుగారితో ఆ సాయంత్రమే చెప్పాను. ఆయన మొహం ముడుచుకున్నాడు. “చెప్పిందాన్ని కాదంటే రేపటినుంచి నా మాట ఎవడు వింటాడయ్యా? ఆ పేరు తీసేసెయ్. వాళ్ళే మర్చిపోతారు” అన్నాడు. నాకూ అది సుళువుగా తోచింది. సరే తీసేద్దాం అనుకున్నాను.

తీసేయడం కూడా చేతకాలేదు. నాలుగు రోజులకే దర్శిలో విత్తనాల పంపిణీ సభ ఉంది. నాకు ఆ రోజు ఇంట్లో పని పడింది. కొత్త కార్డులు రాయకుండా, రబ్బరుబ్యాండు వేసి ఉన్న పాత కట్ట తీసి పంపించేశాను. విప్పి కూడా చూడలేదు. మూడో కార్డు అందులోనే ఉంది. ఆ సభకి చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళంతా వచ్చారు. మొదటి వరసలో శ్రీను కూర్చున్నాడని తర్వాత తెలిసింది. సభ అయ్యాక అటునుంచి అటే వెళ్ళి కౌలు ఖాయం చేసుకున్నాడట.

ఆ ఏడాది

ఆ ఏడాది సంగతి ఈ ప్రాంతంలో పెద్దవాళ్ళందరికీ తెలుసు. పచ్చపురుగు పడింది. కొట్టిన మందు కొట్టినట్టే పోయింది. పూత, మొగ్గ రాలిపోయాయి, మిగిలిన కాయకి పురుగు. ముందు అదునుకి వానల్లేవు, తీరా కాయ పగిలే వేళకి వర్షాల దెబ్బ. బావి కింద కోటయ్యకే మూడు క్వింటాళ్ళు దాటలేదు. వాన మీద ఆధారపడినవాళ్ళకి కట్టె మిగిలింది.

శ్రీను తన చేలో కొట్టగా మిగిలిన మందే తాగాడు. ముప్ఫై నాలుగేళ్ళు. చేలోనే పోయాడు.

అప్పట్లో సంతాప సభలు ఎక్కువైపోయాయి. ఒక సంతాపం కట్ట తయారుగా ఉంచుకుని పేరు మార్చి పంపే స్థితికి వచ్చాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది. కోటయ్య ఊరి పేరు చూశాక మాత్రం ఆ కట్ట ముట్టుకోలేదు. కొత్తగా రాయడానికి కూర్చున్నాను. మూడో కార్డు దగ్గరికొచ్చి ఆగిపోయాను.

సభ రోజున ముందుగానే ఊళ్ళోకి వెళ్ళాను. బడి ఆవరణలో కుర్చీలు, చాపలు వేశారు. కోటయ్య గోడ పక్కన ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన చుట్టూ ఎవరూ నిలబడలేదు. నన్ను చూసి వచ్చాడు. ఈసారి దణ్ణం పెట్టలేదు.

“శవం కాడ కూడా నన్ను నిలబడనీయలేదు సారూ. ‘నీ పధ్నాలుగు నువ్వు తిను, పో’ అంది మా చెల్లెలు. వాడు పోయాడు, ఇంక రాడు. నేనడిగేది ఆ చెల్లెలు నన్ను మనిషిగా చూడాలని. ఇవాళన్నా ఆ ఒక్క మాట చెప్పించండి. అది ముందు వరసలోనే కూర్చుంటది. దాని చెవినపడితే చాలు.”

బడి వరండాలో కూర్చుని అప్పటికప్పుడు ఒక కార్డు రాశాను. మూడో కార్డు. ఇప్పటికీ అక్షరాలా గుర్తుంది: ‘కోటయ్యకు పండింది ఎనిమిది క్వింటాళ్ళు. అదీ బావి కింద. ఆయన ఎవరికీ ఎక్కువ చెప్పలేదు. ఎక్కువ చెప్పింది మేము. అది మా తప్పు.’ అయిదే లైన్లు. రెండు లైన్ల చోటు మిగిలింది.

ప్రెసిడెంటుగారు వేదిక ఎక్కేముందు కార్డులు తిరగేశాడు. మూడోదాని దగ్గర ఆగాడు. నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించి అన్నాడు.

“ఇది ఇవాళ చదివితే, ఆ పిల్లాడు చచ్చింది నా నోటి వల్లేనని ఊరంతా అంటారు శర్మా.”

“అవునండీ” అన్నాను. ఎక్కడినుంచి వచ్చిందో అంత ధైర్యం.

ఆయన నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. భయం ఉంది. మూడో కార్డు తీసి అడుక్కి పెట్టాడు. వేదికెక్కి మొదటిదీ రెండోదీ చదివి, నాలుగోదానికి వెళ్ళిపోయాడు. నాగేంద్రం ముందు వరసలో చాప మీద, ఒళ్ళో పిల్లని పెట్టుకుని, ఎటూ చూడకుండా కూర్చుంది. కోటయ్య ఎక్కడున్నాడా అని వెతికాను. గోడ దగ్గరే ఉన్నాడు. ప్రెసిడెంటుగారి పెదవుల వైపే చూస్తున్నాడు. నాలుగో కార్డు మొదలయ్యాక ఆయన చూపు నా మీదికి మళ్ళింది.

ఎందుకంటే తర్వాత మైకు నాది. సంతాప సభల్లో చివర లేచి, రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం అని చెప్పేది నేనే. ప్రెసిడెంటుగారు కిందికి దిగుతూ కార్డులన్నీ నా చేతిలో పెట్టాడు. అడుగున ఆ కార్డు ఉంది. మైకు నా నోటికి జానెడు దూరంలో ఉంది. వేదిక మీద పెద్దలందరూ ఉన్నారు. నాగేంద్రం తలెత్తి నన్ను చూసింది. అయిదు లైన్లు చదవడానికి అర నిమిషం పట్టదు.

“దివంగతుని ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం” అన్నాను.

అందరూ లేచి నిలబడ్డారు. నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అంతకుమించి కారణం ఏమీ లేదు, వెతికినా దొరకదు. కళ్ళు మూసుకుని నిలబడ్డాను. తెరిచేసరికి గోడ దగ్గర కోటయ్య లేడు.

ఎవరి తప్పు ఎంత

తిలాపాపం తలా పిడికెడు అంటారు. నిజమే, పంచుకోవడానికి చాలామంది ఉన్నారు. పురుగు ఉంది, వాన ఉంది, పనిచెయ్యని మందులు అమ్మినవాళ్ళున్నారు. పధ్నాలుగు వినకపోయినా శ్రీను కౌలు చేసేవాడేమో. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ కాసేపు పనిచేశాయి. నా పిడికెడు మాత్రం నా చేతిలోనే ఉండిపోయింది.

ప్రెసిడెంటుగారిని చెడ్డవాడని రాయలేను. రోగులకి రాత్రీపగలూ తన జీపు ఇచ్చిన మనిషి. ఆ సభ తర్వాత ఒక మార్పు చేశాడు. మూడో కార్డులో పేర్లు వద్దన్నాడు. “ఒక రైతు అని రాయి చాలు. ఊరూ పేరూ వద్దు” అన్నాడు. చివరిదాకా అలాగే రాశాను. ఆయన తప్పు ఒప్పుకున్న తీరు అదే అనుకుంటాను. ఒప్పుకోవాల్సింది ఎవరి ముందో వాళ్ళ ముందు మాత్రం ఒప్పుకోలేదు. మంచం పట్టాక చూడటానికి వెళ్ళాను. నా చెయ్యి పట్టుకుని, “ఆ కార్డు ఉంచావా శర్మా?” అని అడిగాడు. ఉందన్నాను. అటు తిరిగి పడుకున్నాడు. మరో మూడు వారాలకి పోయాడు. ఆయన సంతాప సభకి కూడా నేనే రాశాను. బాగా రాశానని మెచ్చుకున్నారు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఒక్క మాట. పెద్దాయన నోరు జారితే అది ఆయన నోరు. మీరు దాన్ని కాగితం మీద పెట్టిన క్షణం అది మీది. ‘ఆయనే అన్నాడు’ అన్న సాకు అక్కడితో చెల్లు. ఇంకోటి. మూడో కార్డులో పెట్టిన మనిషి సభ అయ్యాక ఇంటికి పోయి ఆ ఊళ్ళోనే బతకాలి. మనం జీపెక్కి వచ్చేస్తాం.

కల్లం దగ్గర

నేను రిటైరయ్యే ముందు ఏడాది కోటయ్య పోయాడని తెలిసింది. గుండెపోటట. తెలిసేసరికే నెల దాటింది. వెళ్దాం వెళ్దాం అనుకుంటూనే ఇంకో ఏడాది గడిపాను. నా వీడ్కోలు సభలో నాకు శాలువా కప్పి, నేను రాసిన మాటలు ఎందరికో దారి చూపాయని ఎవరో చెప్పారు. ఆ మాట విన్నాక ఆగలేకపోయాను. మర్నాడే బస్సెక్కాను.

ఎండాకాలం. నాగేంద్రం మిర్చి కల్లంలో ఉందని చెప్పారు. ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య నలుగురు ఆడవాళ్ళు కూర్చుని, తెల్లబడిన తాలు కాయలు ఏరి పక్కన వేస్తున్నారు. ఘాటుకి దగ్గు ఆపుకోలేకపోయాను. నాగేంద్రం ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి నన్ను చూసింది. జుట్టు సగం నెరిసింది. వాళ్ళన్న పోలిక ఉంది.

“నేను సమాఖ్య ఆఫీసులో పనిచేశానమ్మా. శర్మని.”

“ఎరుగుదును. మౌనం పాటించమంది మీరేగా” అంది.

కల్లం గట్టు మీద కూర్చున్నాను. సంచిలోంచి కార్డు తీసి, ఆమెకి చదువు రాదని తెలుసు కనక, నేనే చదివాను. అయిదు లైన్లు. మిగతా ఆడవాళ్ళు చేతులు ఆపి విన్నారు. చదవడం అయ్యాక అది రాసింది ఎప్పుడో, చదవనిది ఎందుకో కూడా చెప్పాను. పధ్నాలుగు అని రాసింది నా చెయ్యేనని చెప్పాను.

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చేతిలో ఉన్న తాలుకాయని పక్కన పడేసింది.

“మా అన్న చెప్పాడండి. మా ఆయన పోయినాక మా గుమ్మంలో నిలబడి మూడుసార్లు చెప్పాడు. ‘నాగేంద్రం, నాకు ఎనిమిదేనే పండింది, ఒట్టే’ అన్నాడు. బిడ్డ మీద ఒట్టేశాడు. నేనే తలుపేసుకున్నా. అంతమంది పెద్దోళ్ళ ముందు మైకులో చెప్పింది అబద్ధమవుద్దా, మా అన్నే అబద్ధం చెప్తన్నాడు అనుకున్నా.”

గుడ్డతో కళ్ళు తుడుచుకుంది. కారం అంటుకుని ఇంకా మండినట్టున్నాయి, తల వంచేసుకుంది.

“మా అన్న పోయినప్పుడు కూడా చూడటానికి పోలేదండి నేను. నాలుగిళ్ళ అవతలే. ఏడుపులు వినపడతన్నయ్యి, ఇంట్లో కూర్చున్నా. ఆ మాట మీరు ఆ రోజు అనుంటే, ఒక్కసారన్నా అన్నా అని పిలిచేదాన్ని కదండీ.”

 కార్డు మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను. లేవబోతుంటే ఆమె అడిగింది.

“మైకులో చెప్తారా ఇప్పుడు? ఊళ్ళో అందరూ ఇంకా అదే అనుకుంటన్నారు. మా అన్న కొడుకుని ఇప్పటికీ పధ్నాలుగు కోటయ్య కొడుకంటారు.”

నాకిప్పుడు మైకు ఎవరిస్తారు? ఈ కాగితం ఒక్కటే ఉంది. దీన్ని అచ్చేసేవాళ్ళకి, చదివేవాళ్ళకి, మొన్న నోట్సు రాసుకెళ్ళిన ఆ అమ్మాయికి, అందరికీ వినపడేట్టు చెప్తున్నాను. ఆ ఏడాది కోటయ్యగారి చేలో ఎకరానికి పండింది ఎనిమిది క్వింటాళ్ళు. అదీ బావి కింద. ఆయన ఎవరికీ ఎక్కువ చెప్పలేదు.